మా ఊరి పక్క జెట్ ఇంజిన్లు ఎందుకు నిద్రపోతున్నాయి?

సంక్రాంతికి ఇంటికెళ్తే మా అన్నయ్య కూతురు వదలదు. ఏడో క్లాసు. బండి ఎక్కించుకుని కడియపులంక నర్సరీలకి తీసుకెళ్లాల్సిందే. ఈసారి కూడా వెళ్లాం. రాజమండ్రి నుంచి హైవే మీద వస్తుంటే వేమగిరి దగ్గర పెద్ద పెద్ద ఇనుప గొట్టాలు, వాటి పక్కన వెండిరంగు డబ్బాల్లాంటి బిల్డింగులు కనిపించాయి.

"బాబాయ్, అదేంటి?"

"కరెంటు ఫ్యాక్టరీరా."

"మరి పొగ రావట్లేదేంటి?"

"గ్యాస్‌తో నడుస్తుంది కదా, పెద్దగా పొగ రాదు" అని తెలివిగా చెప్పేశాను. అది ఊరుకోలేదు. "అయితే ఇప్పుడు నడుస్తోందా, లేదా?"

అక్కడ దొరికిపోయాను. నేను ఇంజినీరింగ్ చదివాను. హైదరాబాద్‌లో సర్వర్లు పడిపోకుండా చూసుకోవడమే నా ఉద్యోగం. మా సర్వర్లకి ఒక్క సెకను కరెంటు ఆగితే నా ఫోన్ మోగుతుంది. కానీ ఆ కరెంటు పుట్టే చోటు మా ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉంటే, అది నడుస్తోందో లేదో నాకు తెలీదు.

తిరిగి వచ్చాక కూర్చుని చదివాను. తెలిసిన విషయం మీకూ చెప్పాలనిపించింది. ఎందుకంటే ఇది మా కడియం మండలం కథ మాత్రమే కాదు. వేల కోట్ల అప్పులు, సముద్రం కింద గ్యాస్, ఒక పేలుడు, బంగ్లాదేశ్‌కి వెళ్లిపోయిన మెషీన్లు, అన్నీ ఉన్నాయి ఇందులో.

ఒక్క మండలంలో 1,500 మెగావాట్లు

ముందు లెక్క చూడండి. కడియం మండలంలో జేగురుపాడు, వేమగిరి అని రెండు ఊళ్లున్నాయి. జేగురుపాడులో 216 మెగావాట్ల గ్యాస్ ప్లాంట్ ఒకటి, దాని పక్కనే 220 మెగావాట్ల ఇంకో ప్లాంట్ కట్టారు. వేమగిరిలో 370 మెగావాట్లది ఒకటి, 768 మెగావాట్లది ఇంకొకటి కట్టారు. అన్నీ కలిపితే 1,570 పైమాటే. పూల మొక్కలకి పేరున్న ఒక్క మండలంలో ఇంత!

ఇప్పుడు గోదావరి దాటి అవతలికి వెళ్తే విజ్జేశ్వరంలో 272 మెగావాట్లు. కాకినాడ వైపు వెళ్తే స్పెక్ట్రమ్, సామర్లకోట, పెద్దాపురం. రావులపాలెం దగ్గర కోనసీమ ప్లాంట్. విజయవాడ వైపు కొండపల్లి. గ్యాస్ కరెంటుకి మన కోస్తాని దేశంలోనే ఒక పెద్ద అడ్డాగా ప్లాన్ చేశారన్నమాట.

అయితే వీటిలో చాలా మెషీన్లు తమ జీవితంలో ఎక్కువ కాలం ఖాళీగా కూర్చున్నాయి. పాడైపోయి కాదు. తిండి లేక.

లోపల ఏముంటుంది?

గ్యాస్ టర్బైన్ అంటే భయపడకండి. విమానం రెక్క కింద వేలాడే జెట్ ఇంజిన్‌ని మీరు చూసే ఉంటారు. దాని అన్నయ్యని తీసుకొచ్చి నేలకి బోల్టులు బిగిస్తే అదే గ్యాస్ టర్బైన్. ముందు వైపు గాలిని లోపలికి లాక్కుంటుంది, బాగా నొక్కుతుంది. నొక్కిన గాలిలో గ్యాస్ కలిపి మండిస్తుంది. వెయ్యి డిగ్రీలు దాటిన ఆ వేడి గాలి బ్లేడ్లని తిప్పుతుంది. ఆ తిరుగుడుకి జనరేటర్ కడతారు. విమానంలో అయితే ముందుకు తోస్తుంది, ఇక్కడ కరెంటు ఇస్తుంది.

ఇంతవరకే ఆపేస్తే, గ్యాస్‌లో ఉన్న శక్తిలో మూడో వంతుకి కాస్త అటూఇటూ మాత్రమే కరెంటు అవుతుంది. మిగతాది వేడిగా గొట్టంలోంచి పోతుంది. ఆ పోయే గాలి కూడా 500 డిగ్రీల పైనే ఉంటుంది. అంత వేడిని ఊరికే ఆకాశంలోకి వదిలేస్తామా?

అందుకే ఆ వేడితో నీళ్లు మరిగించి ఆవిరి చేసి, ఇంకో టర్బైన్ తిప్పుతారు. ఒకసారి పెట్టిన మంటకి రెండుసార్లు కరెంటు. దీన్నే కంబైన్డ్ సైకిల్ అంటారు. మన అమ్మమ్మలు కట్టెల పొయ్యి మీద అన్నం దించాక మిగిలిన నిప్పుల మీద పాలు పెట్టేవాళ్లు కదా, అదే లాజిక్.

జేగురుపాడు పాత ప్లాంట్‌లో మూడు గ్యాస్ టర్బైన్లు, వాటి వేడితో తిరిగే ఒక స్టీమ్ టర్బైన్ ఉంటాయి. ఇలాంటి ప్లాంట్లు సగం దాకా శక్తిని కరెంటుగా మార్చగలవు. 2016లో ఫ్రాన్స్‌లోని బూషాన్ దగ్గర మొదలైన ప్లాంట్ 62 శాతం దాటి ప్రపంచ రికార్డు కొట్టింది. బొగ్గుతో పోలిస్తే బూడిద ఉండదు, యూనిట్‌కి వచ్చే కార్బన్ డయాక్సైడ్ దాదాపు సగమే.

ఇంకో గొప్ప విషయం స్పీడు. చల్లారిపోయిన బొగ్గు ప్లాంట్‌ని లేపాలంటే చాలా గంటలు పడుతుంది. గ్యాస్ టర్బైన్ నిమిషాల్లో లేస్తుంది. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి, కథ చివర్లో పనికొస్తుంది.

విజ్జేశ్వరంలో మొదలు

గోదావరి డెల్టా నేల కింద గ్యాస్ ఉందని ఓఎన్‌జీసీ తవ్వకాల్లో తేలాక, 1980ల్లో దాన్నేం చేయాలన్న ఆలోచన మొదలైంది. నరసాపురం, రాజోలు వైపు బావుల్లోంచి వచ్చే గ్యాస్‌ని దూరం తీసుకెళ్లడానికి అప్పట్లో పెద్ద పైపులైన్లు లేవు. దగ్గర్లోనే వాడేస్తే పోలా అనుకున్నారు.

అలా 1988లో ఆంధ్రప్రదేశ్ గ్యాస్ పవర్ కార్పొరేషన్ పుట్టింది. అప్పటికది కొత్త రకం ఏర్పాటు. కరెంటు బోర్డు, ప్రైవేటు పరిశ్రమలు కలిసి డబ్బులు పెట్టాయి. ఎంత వాటా పెడితే అంత కరెంటు. విజ్జేశ్వరం అంటే కాటన్ బ్యారేజీకి అవతలి కొస. నదికి ఆనకట్ట కట్టిన చోటే ఈ ప్లాంటూ వచ్చింది. మొదటి దశ 100 మెగావాట్లు, 1990ల చివర్లో రెండో దశ 172 మెగావాట్లు.

తర్వాత 1991. దేశం తలుపులు తెరిచింది. చేతిలో డబ్బుల్లేవు, కరెంటు కోతలు మాత్రం బోలెడు. "ప్రైవేటు వాళ్లూ కరెంటు తయారు చేయొచ్చు" అని కేంద్రం ఆహ్వానించింది. ఎనిమిది ప్రాజెక్టులని ఫాస్ట్ ట్రాక్ అని ఎంపిక చేసింది. ఆ లిస్టులో ఉన్న ఒక పేరు మీరు వినే ఉంటారు, మహారాష్ట్రలో ఎన్రాన్ కట్టిన దాభోల్. అదే లిస్టులో మన జేగురుపాడు కూడా ఉంది, కాకినాడ దగ్గర స్పెక్ట్రమ్ కూడా ఉంది.

దాభోల్ కరెంటు రేటు గొడవతో 2001లో మూతపడి దేశమంతా మార్మోగిపోయింది. జీవీకే కట్టిన జేగురుపాడు మాత్రం చప్పుడు లేకుండా పూర్తయింది. ఉదారీకరణ తర్వాత దేశంలో నడవడం మొదలెట్టిన మొదటి ప్రైవేటు పవర్ ప్లాంట్ ఇదే. 1997 నాటికి 216 మెగావాట్లూ అందుబాటులోకి వచ్చాయి. రాష్ట్రంతో 18 ఏళ్ల ఒప్పందం.

మా నాన్న తరానికి జేగురుపాడు అంటే అదొక గర్వం. "దేశంలోనే మొదటిది మన పక్కనే" అని చెప్పుకునేవాళ్లు.

సముద్రం కింద లాటరీ

2002లో కాకినాడకి ఎదురుగా బంగాళాఖాతంలో, డీ6 అనే బ్లాక్‌లో భారీగా గ్యాస్ ఉందని రిలయన్స్ ప్రకటించింది. ఆ రోజుల్లో పేపర్లు చూస్తే ఇక మన తీరమే దుబాయ్ అన్నంత హడావుడి. రోజుకి 80 మిలియన్ క్యూబిక్ మీటర్లు వస్తాయని లెక్కలేశారు.

ఇది ఎంత పెద్ద నంబరో చెప్తాను. మంచి కంబైన్డ్ సైకిల్ ప్లాంట్ ఒక క్యూబిక్ మీటర్ గ్యాస్‌తో దాదాపు 5 యూనిట్ల కరెంటు చేస్తుంది. వెయ్యి మెగావాట్లు రోజంతా నడవాలంటే 4.5 నుంచి 5 మిలియన్లు కావాలి. జేగురుపాడు పాత ప్లాంట్ ఫుల్‌గా నడిస్తే రోజుకి సుమారు ఒక మిలియన్, అంటే 10 లక్షల క్యూబిక్ మీటర్లు తింటుంది. యాభై వేలకు పైగా వంటగ్యాస్ సిలిండర్లలో ఉండే వేడి అది. ఒక్క రోజుకి!

అలాంటిది 80 మిలియన్లు వస్తాయంటే ఎవరు ఆగుతారు? గౌతమి 464, కోనసీమ 445, వేమగిరి 370, జేగురుపాడు రెండో దశ 220. మొత్తం 1,499 మెగావాట్లు. 2006 నాటికి ఈ నాలుగూ దాదాపు రెడీ. గ్యాస్ మాత్రం రాలేదు. కొత్త ఫోన్ కొని, సిమ్ కోసం మూడేళ్లు వెయిట్ చేసినట్టు కూర్చున్నాయి.

2009 ఏప్రిల్‌లో డీ6 గ్యాస్ గాడిమొగ ఒడ్డుకి చేరింది. ప్లాంట్లు లేచాయి. 2010లో ఉత్పత్తి రోజుకి 60 మిలియన్లు దాటింది. అప్పటి ధర 4.20 డాలర్లు. అంటే అప్పటి డాలర్ రేటుతో ఒక యూనిట్ కరెంటుకి గ్యాస్ ఖర్చు రూపాయిన్నర లోపే. పండగే కదా!

ఈ పండగకి ఒక ప్లాంట్ ఏకంగా సముద్రం మీద తేలుకుంటూ వచ్చింది. నిజంగానే. మంగళూరు దగ్గర తణ్ణీర్‌బావిలో జీఎంఆర్‌ది ఒక పవర్ ప్లాంట్ ఉండేది. నేల మీద కాదు, ఒక పెద్ద బార్జ్ మీద కట్టింది. నాఫ్తాతో నడిచేది. కర్ణాటకతో ఒప్పందం అయిపోయాక, 2010లో దాన్ని అలాగే కాకినాడకి తెచ్చి గ్యాస్‌కి మార్చారు. దేశానికి ఆ చివర ఉన్న ప్లాంట్‌ని ఈ చివరికి లాక్కొచ్చేంత నమ్మకం ఉండేది ఆ గ్యాస్ మీద.

ఆ నమ్మకంతోనే వేమగిరిలో 768, కొండపల్లిలో 742, సామర్లకోటలో ఏకంగా 2,400 మెగావాట్లకి పునాదులు పడ్డాయి. బ్యాంకులు పోటీపడి అప్పులిచ్చాయి.

స్విచ్ ఆఫ్

తర్వాతేమైందో మాటల్లో కంటే నంబర్లలో బాగా తెలుస్తుంది. 2010లో 60 దాటింది. 2013 నాటికి 15 దగ్గరికి పడింది.

ఎందుకు? నేల కింద పొరలు అనుకున్నట్టు లేవు, బావుల్లోకి నీళ్లు, ఇసుక వచ్చాయని కంపెనీ అంది. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం అంది. గొడవ ఆర్బిట్రేషన్ దాకా వెళ్లింది. ఎవరి మాట నిజమైనా, ప్లాంట్ గేటు దగ్గర పైపులో ప్రెజర్ మాత్రం పడిపోయింది.

ఉన్న కాస్త గ్యాస్ ఎవరికివ్వాలి? కేంద్రం ముందే క్యూ రాసి పెట్టింది. ముందు ఎరువుల ఫ్యాక్టరీలు, తర్వాత ఎల్పీజీ, ఆ తర్వాతే కరెంటు. రైతుకి యూరియా అందాలి కాబట్టి దాన్ని తప్పు పట్టలేం. కానీ క్యూలో వెనక నిలబడ్డవాడికి మిగిలింది సున్నా. 2013 మార్చి నుంచి పవర్ ప్లాంట్లకి డీ6 గ్యాస్ పూర్తిగా ఆగిపోయింది.

ఒక విషయం మనవాళ్లకి ఇప్పటికీ మంటే. గ్యాస్ వచ్చేది మన తీరానికి. గాడిమొగ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల పైపులైన్ వేశారు. మన ఇంటి ముందు నుంచే బిర్యానీ పార్సిళ్లు వెళ్తున్నాయి, మన ప్లేటు ఖాళీ. అయితే నిజాయితీగా చెప్పాలంటే, గ్యాస్ దేశం మొత్తానిది. మన ప్లాంట్లకే అంతా ఇచ్చినా, ఇంత కట్టాక సరిపోయేది కాదు.

2015లో కేంద్రం లెక్క తీస్తే దేశంలో 24,150 మెగావాట్ల గ్యాస్ ప్లాంట్లలో 14,305 మెగావాట్లకి దేశీయ గ్యాస్ చుక్క కూడా లేదు. కొనుక్కొచ్చిన ఎల్ఎన్‌జీకి సబ్సిడీ ఇచ్చి కొన్నాళ్లు నడిపించారు. వేమగిరి 768 కూడా అప్పుడే మొదటిసారి సరిగ్గా తిరిగింది. 2017లో ఆ స్కీమ్ అయిపోయింది, మళ్లీ నిద్ర. ఆ ప్లాంట్‌కి అప్పులిచ్చిన బ్యాంకులు బాకీని వాటాలుగా మార్చుకోవాల్సి వచ్చింది. ఆ బ్యాంకుల్లో ఉన్నది మన డిపాజిట్లే కదా.

సామర్లకోట కథ ఇంకా విచిత్రం. అక్కడ 2,400 మెగావాట్లకి తెచ్చిన మెషీన్లలో ఒక భాగం ఓడ ఎక్కి బంగ్లాదేశ్ వెళ్లింది. ఢాకా దగ్గర మేఘ్నాఘాట్‌లో 718 మెగావాట్ల ప్లాంట్ కోసం. తణ్ణీర్‌బావి ప్లాంట్ గ్యాస్ కోసం ఇక్కడికొచ్చింది, సామర్లకోట మెషీన్లు గ్యాస్ కోసం ఇక్కణ్నుంచి వెళ్లిపోయాయి.

మా మామయ్య ఒకాయన ఈ ప్రాంతంలోనే ఒక గ్యాస్ ప్లాంట్‌లో టెక్నీషియన్. పేరెందుకులెండి. రెండేళ్ల పాటు రోజూ డ్యూటీకి వెళ్లి, తిరగని మెషీన్లకి తుప్పు పట్టకుండా చూసుకునేవాడు. "షాఫ్ట్‌ని అప్పుడప్పుడు నెమ్మదిగా తిప్పుతూ ఉండాలిరా, లేకపోతే దాని బరువుకి అదే వంగిపోతుంది" అనేవాడు. జీతాలు లేటవడం మొదలయ్యాక మస్కట్ వెళ్లిపోయాడు. ఇప్పుడక్కడ గ్యాస్ టర్బైన్లే చూస్తున్నాడు. అవి తిరుగుతున్నాయి.

నగరం

గ్యాస్ గురించి రాస్తూ ఈ ఊరి పేరు దాటేయడం తప్పు.

2014 జూన్ 27, తెల్లవారుజాము. కోనసీమలోని మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైన్ లీకై పేలింది. నిద్రలో ఉన్నవాళ్లు, టీ కొట్టు దగ్గరున్నవాళ్లు కాలిపోయారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి.

ఆ పైపు ఎక్కడికి వెళ్తుందో తెలుసా? కొండపల్లి పవర్ ప్లాంట్‌కి. తేమ ఉన్న గ్యాస్ వెళ్లడంతో పైపు లోపల తుప్పు పట్టిందని తర్వాత విచారణలో బయటపడింది. అంతకుముందు 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ 65 రోజులు మండింది. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ రాత్రుళ్ల వెలుగు గురించి చెప్తారు.

నగరం తర్వాత ఈ ప్రాంతపు పైపులైన్లలో భద్రత కోసం సప్లై ఆపితే, అరకొరగా నడుస్తున్న ప్లాంట్లు కూడా కుంటుపడ్డాయి. ఆపడం సరైన పనే. నేను చెప్పేది ఒక్కటే. మెషీన్‌కి పెట్టిన శ్రద్ధలో పదో వంతు పైపుకి పెట్టి ఉంటే ఆ మనుషులు బతికేవాళ్లు. ప్లాంట్ అంటే కాంపౌండ్ గోడ లోపల ఉన్నది మాత్రమే కాదు. బావి నుంచి బల్బు దాకా అంతా ప్లాంటే.

సెకండ్ ఇన్నింగ్స్

మళ్లీ జేగురుపాడుకి వద్దాం. 18 ఏళ్ల ఒప్పందం 2015లో ముగిసింది. కొనుక్కునే హక్కు ప్రభుత్వానికి ఒప్పందంలోనే ఉంది. 2016లో రాష్ట్ర డిస్కమ్‌లు 216 మెగావాట్ల పాత ప్లాంట్‌ని కొనేశాయి. ఇప్పుడది గోదావరి గ్యాస్ పవర్ ప్లాంట్ పేరుతో ఏపీ జెన్‌కో చేతిలో ఉంది. దేశంలో మొదటి ప్రైవేటు ప్లాంట్ చివరికి సర్కారు ప్లాంట్ అయింది.

మరి డీ6లో మళ్లీ గ్యాస్ వస్తోందని వార్తలు చూశాం కదా అంటారా? నిజమే. పాత బావులు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. అదే ఏడాది డిసెంబర్‌లో ఆర్ క్లస్టర్, తర్వాత శాటిలైట్ క్లస్టర్, 2023లో ఎంజే మొదలయ్యాయి. రోజుకి దాదాపు 30 మిలియన్ల దాకా వెళ్లింది.

కానీ ధర మారిపోయింది. లోతు సముద్రపు గ్యాస్ 10 డాలర్లు అనుకోండి. సగం సామర్థ్యం ఉన్న ప్లాంట్‌లో ఒక యూనిట్‌కి గ్యాస్ ఖర్చే 5 రూపాయల 80 పైసలు, 85 రూపాయల డాలర్ లెక్కన. దీనికి అప్పు, జీతాలు, మెయింటెనెన్స్ అదనం. మరోపక్క సోలార్ టెండర్లలో యూనిట్ రెండున్నర రూపాయలకి దొరుకుతోంది. మిట్టమధ్యాహ్నం ఎవరు కొంటారు ఈ గ్యాస్ కరెంటు?

మధ్యాహ్నం ఎవరూ కొనరు. రాత్రి ఏడున్నరకి కొంటారు.

ఎండ దిగిపోతుంది, సోలార్ సున్నా. సరిగ్గా అప్పుడే మనం ఇంటికొచ్చి ఏసీ, గీజర్, టీవీ అన్నీ ఆన్ చేస్తాం. గంటలో డిమాండ్ కొండెక్కుతుంది. అప్పుడు కావాల్సింది చీప్ కరెంటు కాదు, వెంటనే లేచే కరెంటు. ఇందాక గుర్తు పెట్టుకోమన్న పాయింట్ ఇదే.

దీనికి ఒక రాత్రి మనమందరం సాక్షులం. 2020 ఏప్రిల్ 5, రాత్రి 9 గంటలు. కరోనా లాక్‌డౌన్‌లో లైట్లు ఆర్పి దీపాలు పెట్టాం. ఆ కొద్ది నిమిషాల్లో దేశం డిమాండ్ దాదాపు 31,000 మెగావాట్లు పడిపోయి, మళ్లీ లేచింది. గ్రిడ్ కుప్పకూలలేదు. ఎక్కువ భారం జలవిద్యుత్ మోసింది. బొగ్గు, గ్యాస్ ప్లాంట్లు కూడా తగ్గి, పెరిగి సాయం చేశాయి. మా భాషలో చెప్పాలంటే అది దేశవ్యాప్త లోడ్ టెస్ట్, పాసయ్యాం.

2024 వేసవిలో కేంద్రం ఏం చేసిందో చూడండి. విద్యుత్ చట్టం సెక్షన్ 11 వాడి, మే, జూన్ నెలల్లో గ్యాస్ ప్లాంట్లన్నీ అవసరమైనప్పుడు నడవడానికి రెడీగా ఉండాలని ఆదేశించింది. నిద్రపోతున్నవాళ్లని పరీక్ష రోజు లేపినట్టు.

మోడర్న్ చేయడమంటే?

మోడర్నైజేషన్ అనగానే కొత్త బ్లేడ్లు, కొత్త కంట్రోల్ రూమ్, పెద్ద స్క్రీన్లు గుర్తొస్తాయి. అవీ కావాలి. రోజంతా ఒకే స్పీడులో నడవడానికి డిజైన్ చేసిన ప్లాంట్ రోజుకి ఒకటి రెండుసార్లు ఆగి లేవాలంటే బాయిలర్ పైపులు వేడెక్కి, చల్లారి అలసిపోతాయి. వాటిని బలపరచాలి, కంట్రోల్ సాఫ్ట్‌వేర్ మార్చాలి.

అంతకంటే ముందు మారాల్సింది ప్లాంట్ ఉద్యోగం. ప్రపంచంలో మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, సాయంత్రం డ్యూటీ. రోజుకి మూడు నాలుగు గంటలే నడిచి, ఎన్ని యూనిట్లు అమ్మిందన్న లెక్కతో కాకుండా రెడీగా ఉన్నందుకు డబ్బులు తీసుకోవడం. ఫైర్ ఇంజిన్‌కి ఎన్ని మంటలార్పావని చూసి జీతమివ్వం కదా.

రెండు, గ్యాస్ కాల్చకుండా గ్రిడ్‌కి కాపలా. ఇంగ్లండ్‌లోని కిల్లింగ్‌హోమ్ గ్యాస్ స్టేషన్‌లో జనరేటర్లని అలాగే తిప్పుతూ, గ్రిడ్ ఫ్రీక్వెన్సీ అదుపు తప్పకుండా వాడుతున్నారు. సోలార్ ప్యానెల్‌కి తిరిగే బరువు ఉండదు. ఆ బరువు కావాలంటే ఈ పాత జనరేటర్లు పనికొస్తాయి. మన రాష్ట్రంలో సోలార్ పెరిగేకొద్దీ ఈ అవసరమూ పెరుగుతుంది.

మూడు, హైడ్రోజన్ కలపడం. అమెరికాలో ఒహాయోలోని లాంగ్ రిడ్జ్ ప్లాంట్ 2022లో 5 శాతం హైడ్రోజన్ కలిపి కాల్చింది. వినడానికి బాగుంటుంది. కానీ హైడ్రోజన్ చాలా పలచన. 30 శాతం కలిపినా కార్బన్ తగ్గేది పది శాతం చిల్లరే. ఇప్పటికైతే దీన్ని ట్రైలర్ అనుకోవాలి, సినిమా కాదు.

పోటీ కూడా గట్టిదే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ పెట్టింది. మధ్యాహ్నం సోలార్‌తో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందకి వదిలి కరెంటు తీస్తారు. బ్యాటరీల ధరలూ పడిపోతున్నాయి. గ్యాస్ ప్లాంట్లకి ఉన్న టైము ఎక్కువ కాదు. ఈ కొద్ది సంవత్సరాల్లో కొత్త ఉద్యోగం దొరకకపోతే మిగిలేది తూకానికి అమ్మే ఇనుమే.

ఇంతకీ నేను నేర్చుకున్నది

మా ఆఫీసులో ఒక పాఠం మొదటి వారంలోనే చెప్తారు. నీ కోడ్ ఎంత బాగున్నా, అది ఆధారపడ్డ ఇంకొకరి సర్వీసు పడిపోతే నీ యాప్ కూడా పడిపోతుంది. కాబట్టి రాసేముందు అడుగు: అది లేకపోతే నా పరిస్థితేంటి?

గోదావరి గ్యాస్ ప్లాంట్లు కట్టేముందు ఈ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు. ఇంజినీర్లు తప్పు చేయలేదు. మెషీన్లు బాగున్నాయి. ఒకే ఒక్క బ్లాక్‌ని, ఒకే ఒక్క ధరని, ఒకే ఒక్క అంచనాని నమ్మి అందరూ ఒకేసారి కట్టేశారు. బిల్లు బ్యాంకులకి, అంటే మనకి వచ్చింది.

ఇప్పుడు డేటా సెంటర్లు వస్తున్నాయి, గ్రీన్ హైడ్రోజన్ వస్తోంది అని మళ్లీ పెద్ద పెద్ద నంబర్లు వింటున్నాం. రావాలి, మన ఊళ్లల్లో ఉద్యోగాలు పెరగాలి, మా మామయ్య లాంటివాళ్లు మస్కట్ వెళ్లే పని ఉండకూడదు. కానీ ప్రతి ప్రకటన చదివినప్పుడు మీరు కూడా ఒక్క ప్రశ్న అడగండి. కరెంటు ఎక్కణ్నుంచి? నీళ్లు ఎక్కణ్నుంచి? అనుకున్నది రాకపోతే ఎవరు కడతారు?

వెళ్లేముందు రోజు మా అన్నయ్య కూతురికి ఇదంతా చెప్పాను, జెట్ ఇంజిన్, బార్జ్, బంగ్లాదేశ్ అన్నీ. శ్రద్ధగా విని ఒక్క మాటంది.

"అయితే అది పాడవలేదు బాబాయ్. దానికి ఆకలేస్తోంది."

హైదరాబాద్ బస్సు వేమగిరి దాటుతుంటే కిటికీలోంచి చూశాను. చీకట్లో గొట్టాల మీద ఎర్ర లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. టైము చూస్తే సరిగ్గా ఏడున్నర.